రెండు పటాలు

పటాలను పరిశీలించడం నాకు చిన్ననాటి నుండి ఇష్టమైన వ్యాపకం. ఒకే నగరానికి చెందిన రెండు పటాలను పక్కపక్కన ఉంచి చూడడంలో ఆనందం మరింత ఎక్కువ. లండన్ భూగర్భ రైలుమార్గాల పటాలు నాకు ఆ ఆనందంతోపాటు ఒక ఆలోచనను కూడా కలిగించాయి.

ప్రపంచంలో మొట్టమొదటి భూగర్భ రైలుమార్గం 1863లో లండన్‌లో ప్రారంభమైంది. తొలినాటి పటాలను నగర భౌగోళిక స్వరూపాన్ని అనుసరించి గీసేవారు. మార్గాలు పెరిగినకొద్దీ నగర మధ్యభాగంలో స్టేషన్ల పేర్లు ఇరుక్కుపోయేవి. ఈ చిక్కును విడదీసినవాడు హ్యారీ బెక్ అనే డ్రాఫ్ట్స్‌మన్. భూమి లోపల ప్రయాణించేవారికి పైనున్న వీధులతో పనిలేదనీ, ఏ స్టేషను తరువాత ఏది వస్తుందో, ఎక్కడ రైలు మారాలో తెలిస్తే చాలుననీ ఆయన భావించాడు. 1931లో నిలువు, అడ్డ, ఏటవాలు గీతలతో ఒక పటం గీశాడు. అధికారులు మొదట తిరస్కరించినా, 1933లో అది అచ్చయి ప్రయాణికుల మన్నన పొందింది.

అయితే ఆ సౌలభ్యానికి మూల్యం ఉంది. లెస్టర్ స్క్వేర్, కోవెంట్ గార్డెన్ స్టేషన్ల మధ్య దూరం సుమారు 260 మీటర్లే. శివారులోని చెషమ్ స్టేషనుకూ, దాని పక్క స్టేషనుకూ మధ్య దూరం 6 కిలోమీటర్ల పైమాటే. బెక్ పద్ధతిలో గీసిన పటం ఈ అంతరాన్ని చెప్పదు. దానినే నమ్మిన కొత్తవారు నాలుగడుగులు వేస్తే చేరగల చోటికి టిక్కెట్టు కొని రైలెక్కుతారు. దూరాలను ఉన్నవున్నట్లు చూపే పటం ఒకటి 2015లో పత్రికలకెక్కింది. స్టేషన్ల నడుమ నడవడానికి ఎన్ని నిమిషాలు పడుతుందో తెలిపే పటాన్ని రవాణా సంస్థ అదే సంవత్సరం విడుదల చేసింది.

నేలమీది వాటిలో థేమ్స్ నదిని మాత్రం బెక్ తన పటంలో ఉంచాడు. 2009లో ఆ నదిని తొలగించినప్పుడు ప్రజలు అభ్యంతరం తెలిపారు. కొద్ది నెలలకే నది తిరిగి పటంలోకి వచ్చింది. రైలు మారడానికి నదితో పనిలేదు. కాని తానున్నది ఏ ఒడ్డునో తెలియకపోతే మనిషి మనసు కుదుటపడదు.

ఈ పటాలు చూచిన తరువాత నాకొక అలవాటు ఏర్పడింది. ఏ పటం చూచినా అందులో ఏది వదిలివేశారో, ఎవరి కోసం వదిలివేశారో ఆలోచిస్తాను. ఈ రెండు పటాలలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే, మీరు రైలెక్కుతారా, నడిచి వెళ్తారా అని ముందుగా అడుగుతాను.