అరవై దాటాక అక్షరాభ్యాసం

గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండేవారు. అప్పట్లో ఆ ఊరు మన గంజాం జిల్లాలోదే. వాడుకభాష కోసం ఆయన పడ్డ పాట్లు మీకందరికీ తెలిసినవే. నాకు మాత్రం ఆయన సవర నేర్చుకున్న సంగతే ఎక్కువ ఇష్టం. తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకాయనను ఇంట్లోనే పెట్టుకుని, ఆ భాష నేర్చుకున్నారట. సవర వ్యాకరణం వెలువడింది 1931లో. అప్పటికాయనకు దగ్గర దగ్గర 68 ఏళ్లు. నిఘంటువైతే 1938లో! (ఆ వయసుకు మనం కళ్లజోడు ఎక్కడ పెట్టామో వెతుక్కుంటూ ఉంటాం.)

ఆయన పేరు తలుచుకునే, ఉద్యోగ విరమణ అయ్యాక నేనూ పలక పట్టాను. బరంపురంలో నా చదువంతా ఒడియాలోనే సాగింది. ఇంట్లో తెలుగు మాట్లాడడమే గాని, చదవడం రాదు. విజయనగరం నుంచి వచ్చిన మా కోడలే గురువు. "మామయ్యగారూ, ఇవాళ గుణింతం ఒప్పచెప్పాలి" అంటుంది, మొహమాటం లేకుండా. మన సున్న ఒడియా 'ఠ'లా ఉంటుంది. దాంతో కొన్నాళ్లు తికమకే.

అమ్మ పుట్టింటికి వెళ్లినప్పుడల్లా ఇచ్ఛాపురం నుంచి రాసిన కార్డులు ట్రంకుపెట్టెలో ఉన్నాయి. చిన్నప్పుడు నాన్నగారు వాటిని మాకు చదివి వినిపించేవారు. మొన్న నేనే చదువుకున్నాను. ఒక కార్డు అడుగున, నాన్నగారు మాకెప్పుడూ చదవని రెండు పంక్తులున్నాయి: ఒంట్లో బాగుండడం లేదు, పిల్లలకు చెప్పకండి.