కుజుడి అయస్కాంతం ఎంత?

ద్వారకలో మా సొసైటీలో తెలుగు కుటుంబాలు నాలుగైదు ఉన్నాయి. ఒక ఇంటి అమ్మాయికి కుదిరిన సంబంధం ఈమధ్య ఆగిపోయింది. కారణం కుజదోషం. దానికి జ్యోతిష్కుడు చెప్పిన వివరణ మరీ ఆధునికం: కుజుడి అయస్కాంత శక్తి రక్తంలోని ఇనుము మీద పనిచేస్తుందట! పాత నమ్మకం అంటే వాదించేవారేమో గానీ, "సైన్సు" అనేసరికి చదువుకున్న పెద్దలు తలూపేశారు.

సరే, సైన్సు అన్నారు కాబట్టి సైన్సునే అడుగుదాం.

గ్రహాల అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే పరికరం మాగ్నెటోమీటర్. తేలిగ్గా అయస్కాంతంగా మారే లోహపు ముక్కకు తీగ చుట్టి, ఏసీ కరెంటుతో దాన్ని అటూ ఇటూ పూర్తిగా అయస్కాంతీకరిస్తారు. బయట క్షేత్రం ఉంటే ఒకవైపు ముందుగా నిండుతుంది. ఆ తేడాయే కొలత. ఇబ్బందల్లా వ్యోమనౌకతోనే. దానిలోని కరెంటుకూ లోహాలకూ సొంత అయస్కాంతత్వం ఉంటుంది. ఇనప బీరువా పక్కన దిక్సూచి పెట్టి చూడండి, సంగతి మీకే తెలుస్తుంది.

అందుకే పరికరాన్ని పొడవాటి కడ్డీ చివర పెడతారు. 2023 సెప్టెంబర్ 2న శ్రీహరికోట నుంచి బయల్దేరిన ఆదిత్య-ఎల్1కి అలాంటి 6 మీటర్ల కడ్డీ ఉంది. 132 రోజులు మడిచి ఉంచి, 2024 జనవరి 11న విప్పారు. దాని మీద 3 మీటర్ల దగ్గర ఒకటి, 6 మీటర్ల దగ్గర ఒకటి, రెండు పరికరాలున్నాయి. రెండు రీడింగుల తేడాను బట్టి నౌక సొంత ప్రభావాన్ని లెక్కగట్టి తీసేస్తారు. ఢిల్లీలో భూమి క్షేత్రం సుమారు 48 వేల నానోటెస్లాలు. అక్కడ కొలవాల్సింది మామూలుగా ఐదారు నానోటెస్లాలు! అంత చిన్నదాన్ని పట్టుకోవాలంటే ముందు తన తప్పును తాను తీసేసుకోవాలి. ఏ జాతకచక్రంలోనైనా ఈ ఏర్పాటు ఉందా?

మరి కుజుడి సంగతి? 1965 జులైలో మారినర్-4 కుజుడికి పదివేల కిలోమీటర్ల లోపు నుంచి వెళ్ళింది. చెప్పుకోదగ్గ క్షేత్రమేదీ కనిపించలేదు. 1997లో చేరిన మార్స్ గ్లోబల్ సర్వేయర్ కొన్నిచోట్ల రాళ్ళలో మిగిలిన పాత అయస్కాంతత్వాన్ని మాత్రం చూసింది. భూమికున్నట్టు గ్రహమంతటికీ కలిపి ఉండే క్షేత్రం కుజుడికి ఇప్పుడు లేదు. శుక్రుడికీ లేదు. గురువుకూ శనికీ ఉంది గానీ, అలాంటి క్షేత్రం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పైగా సౌరపవనం దాన్ని ఆ గ్రహం చుట్టూనే కట్టి పడేస్తుంది.

ఇక రక్తంలోని ఇనుము అయస్కాంతానికి అతుక్కునే రకం కాదు. ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకున్నవాళ్ళు 1.5 టెస్లాలు, అంటే ఢిల్లీ క్షేత్రానికి ముప్ఫై వేల రెట్లు భరించి లేచి వస్తున్నారు. వాళ్ళలో ఎవరి పెళ్ళీ దానివల్ల ఆగలేదు.

ఇదంతా ఆ అమ్మాయి తండ్రిగారికి చెప్పాను. "అయస్కాంతం కాకపోతే ఇంకేదో శక్తి ఉంటుందేమోనండీ" అన్నారాయన. ఉండొచ్చు. అయితే అదేమిటో, ఎంతో, ఎవరు కొలిచారో చెప్పాల్సిన బాధ్యత పెళ్ళి ఆపినవాళ్ళది. లేదని నిరూపించే భారం ఆ పిల్ల మీద పెట్టకండి.