పెన్సిల్ పేషెంట్ చేతికివ్వండి

క్యాన్సర్ ఓపీలో డాక్టరు అడిగే ప్రశ్నకి జవాబు చాలాసార్లు పేషెంట్ నోటినుంచి రాదు. "ఎలా ఉందమ్మా?" అనగానే పక్కనున్న కొడుకో, అల్లుడో, భర్తో అందుకుంటారు. ప్రేమతోనే. కానీ నొప్పి వాళ్లది కాదు. విశాఖలో పాలియేటివ్ కేర్ నర్సుగా నేను చేసే పనిలో సగం, ఆ మాటని మళ్లీ పేషెంటుకి అప్పగించడమే. అందుకు నాకు బాగా అక్కరకొచ్చేవి ఒక కాగితం, రెండు రంగు పెన్సిళ్లు.

కాగితం మీద మనిషి ఆకారం రెండుసార్లు ఉంటుంది, ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి. ముక్కూ మొహం ఉండవు, గీత మాత్రమే. నొప్పున్న చోట ఎరుపు, తిమ్మిరి పట్టిన చోట నీలం వెయ్యమంటాం.

రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషనైన ఒకావిడ భర్తతో వచ్చింది. "చెయ్యి వాపు సిస్టర్, అదే లాగుతోందంటది" అని ఆయనే చెప్పేశాడు. ఆవిడ తలూపింది. ఆయన్ని మందుల చీటీతో కిందికి పంపి, కాగితం ఆవిడ ముందు పెట్టాను. చేతి జోలికే పోలేదు. వెనక బొమ్మలో రెండు రెక్కల మధ్య ఎర్రగా దిద్దింది. ఆ ఎరుపుని పక్కల మీదుగా ముందు బొమ్మలోకి తెచ్చి ఛాతీ చుట్టూ పట్టీలా కలిపింది. కాసేపాగి నీలం తీసుకుని రెండు కాళ్లూ పాదాల దాకా నింపింది. "కాళ్లు నావి కానట్టున్నాయమ్మా. ఈయన బెంగపెట్టుకుంటారని చెప్పలేదు" అంది.

ఛాతీ చుట్టూ బిగించినట్టు నొప్పి, కింద కాళ్లలో తిమ్మిరి ఉన్నాయంటే, వెన్నుపూసకి పాకిన క్యాన్సర్ వెన్నుపాముని నొక్కుతోందేమోనని వెంటనే అనుమానించాలి. కాళ్లు పూర్తిగా పడిపోయాక మళ్లీ నడక రావడం కష్టం. డాక్టరుగారు కాగితం చూస్తూనే డెక్సామెథసోన్ రాసి ఎమ్మారైకి పంపారు. అనుమానం నిజమైంది, రేడియేషన్ మొదలుపెట్టారు. ఆవిడ నడిచే ఇంటికెళ్లింది.

నొప్పి ఎంతుందో చెప్పడానికి ముఖాల బొమ్మల స్కేలు చాలా వార్డుల్లో గోడకి కనిపిస్తుంది. 1983లో అమెరికాలోని ఓక్లహోమాలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్‌తో కలిసి పిల్లల కోసం మొదలుపెట్టింది. నవ్వే ముఖం సున్నా, కన్నీళ్లు కారే ఆరో ముఖం పది. మా మత్స్యకార పల్లెల మగవాళ్లు ఆ ఏడ్చే ముఖం మీద వేలు పెట్టరు, నొప్పికి చెమటతో చొక్కా తడిసిపోతున్నా సరే. ఏడవకపోయినా ఆ ముఖం చూపించొచ్చని ఆ స్కేలు సూచనల్లోనే ఉంది, దాన్ని చెప్పే ఓపిక మనకుండాలి. 2001లో వచ్చిన ఇంకో స్కేలులో ముఖాలకి నవ్వూ లేదు, కన్నీళ్లూ లేవు. పెద్దవాళ్లకి నేను దాన్నే చూపిస్తాను. అదీ కుదరని ముసలివాళ్లని "రూపాయికి ఎన్నణాల నొప్పి?" అని అడుగుతాను. "పన్నెండణాలు" అని ఠక్కున చెప్తారు.

శ్రీకాకుళం తీరంలో చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే మామ్మలకి అంగిలి క్యాన్సర్ వస్తుంది. ఆపరేషన్లో అంగిలి తీసేస్తే, ప్లేటు పెట్టేదాకా మాట ముక్కులోంచి పోతుంది. వాళ్లలో చాలామందికి రాయడం రాదు. వాళ్ల కోసం బొమ్మల అట్ట ఉంచాం. అందులో చెంబు, గంజి గిన్నె, బాత్రూమ్, ఊపిరాడని మనిషి, కొడుకుని పిలవమనే బొమ్మ ఉంటాయి. వాళ్లింట్లో ఉండే చెంబూ గిన్నే గీయించాం కాబట్టే వేలు తడుముకోదు. మార్ఫిన్ మాత్రల చీటీ మీద కూడా వేళలు సూర్యుడు, చంద్రుడు గీసి చెప్తాం. నాలుగు గంటలకోటి, పడుకునేముందు రెండు. రాత్రి మధ్యలో నొప్పికి లేవకుండా ఆ రెండో మాత్ర.

డాక్టర్లకి నచ్చే బొమ్మ వేరే ఉంది. నూరుగురు మనుషుల్ని వరసగా గీసి, ఈ కీమోతో ఇంతమందికి గుణం కనిపిస్తుందని రంగు వేసి చూపిస్తారు. శాతాల కంటే ఇది మేలే. అయితే ఆ బొమ్మ చూశాక పేషెంట్ అడిగేది ఒక్కటే, "ఇందులో నేనెవర్ని?" దానికి బొమ్మలో జవాబు లేదు. ఆ ప్రశ్న వచ్చేదాకా కుర్చీలోంచి లేవని డాక్టరు చేతిలోనే అది పనికొస్తుంది.

రంగులేసిన కాగితం కేసు షీటులోకి ఎక్కకపోతే డ్యూటీ మారగానే పోయినట్టే. అందుకే తేదీ వేసి మందుల చార్టు పక్కనే కుడతాను. తర్వాతిసారి పాత బొమ్మ చూపించకుండా కొత్త కాగితమిస్తాను. చూపిస్తే దాన్నే మళ్లీ దిద్దేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి చూసేది డాక్టరుగారు. ఎరుపు అంతే ఉండి నీలం పెరిగిందంటే, మోతాదు మార్చేముందు కాళ్లూ చేతుల్లో బలం, స్పర్శ పరీక్ష చేస్తారు.