ఫ్రీ డెమో తర్వాత

అమీర్‌పేటలో ఏ చదువైనా ఫ్రీ డెమోతోనే మొదలవుతుంది. మైత్రీవనం చుట్టూ, ఆదిత్య ఎన్‌క్లేవ్ మెట్ల మీద, ఆఖరికి కరెంటు స్తంభాల మీద కూడా అదే మాట. డెమోలో సారు జావా గురించి చెప్పే తీరుకి వచ్చినవాళ్లంతా అరగంటలో అమెరికా వెళ్లిపోయేవాళ్లు. అసలు లెక్క ఆ తర్వాత కౌంటర్ దగ్గర తేలేది. కోర్ జావాకి ఒక ఫీజు, అడ్వాన్స్‌డ్ జావాకి ఇంకోటి. స్ప్రింగ్, హైబర్నేట్ కావాలంటే మళ్లీ వేరు. మెటీరియల్‌కి వేరు. ‘రియల్ టైమ్ ప్రాజెక్టు’ సంగతి ఇంక అడక్కూడదు. వీడియో గేముల కంపెనీలు డీఎల్‌సీ పేరుతో ఇవాళ చేస్తున్న వ్యాపారాన్ని మా ఇన్‌స్టిట్యూట్ కౌంటర్ అమ్మాయి 2006లోనే రసీదు పుస్తకం, కార్బన్ పేపరుతో నడిపించేసింది. కాకపోతే అమీర్‌పేటలో సిలబస్ ఎక్కడో ఒకచోట అయిపోయేది. మెటీరియల్ కొనలేనివాడిని జిరాక్స్ షాపు ఆదుకునేది.

డీఎల్‌సీ అంటే గేమ్ కొన్నాక, మళ్లీ డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకునే అదనపు సరుకు. కొత్త మ్యాపులు, కొత్త పాత్రలు, కథలు, బట్టలు, ఏదైనా కావచ్చు. 2006 ఏప్రిల్‌లో ‘ఆబ్లివియన్’ అనే గేమ్‌లో గుర్రానికి కవచం తొడగడానికి రెండున్నర డాలర్లు అడిగితే ఆటగాళ్లు నెలల తరబడి నవ్వుకున్నారు. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు.

ఆ రోజుల్లో మా సాయంత్రాలు పంజాగుట్ట వైపు ఒక సందులో, మొదటి అంతస్తులో ఉన్న నెట్ సెంటర్‌లో గడిచేవి. ముందు వరసలో రెజ్యూమెలు దిద్దుకునేవాళ్లు, చెన్నై కాన్సులేట్ స్లాట్ కోసం వెతికేవాళ్లు. వెనక వరస మాది. గంటకి పదిహేను రూపాయలు. వెనక వరస కీబోర్డుల్లో డబ్ల్యూ, ఏ, ఎస్, డీ అక్షరాలు అరిగి నున్నగా అయిపోయి ఉండేవి. కౌంటర్ స్ట్రైక్ ఆడేవాడి వేళ్లు ఆ నాలుగింటినీ వదలవు మరి. ‘అన్నా, ఇంకో అరగంట’ అని అక్కడి నుంచే కేకేస్తే, ఓనరు తలెత్తకుండానే టైమ్ పెంచేవాడు. అన్ని సిస్టమ్‌లలోనూ ఒకే సీడీ నుంచి ఎక్కించిన ఒకే గేమ్. గుంటూరు నుంచి వచ్చినవాడికీ, నిజామాబాద్ నుంచి వచ్చినవాడికీ, బంజారాహిల్స్ నుంచి కారులో దిగినవాడికీ అవే తుపాకులు, అదే మ్యాపు. తేడా ఏమైనా ఉంటే చేతి నేర్పులోనే. ఆ కాపీల మీద గేమ్ చేసినవాళ్లకి ఒక్క రూపాయి వెళ్లలేదు కాబట్టి ఆ కాలాన్ని సత్యయుగమని పొగడబోవడం లేదు. అయినా అందరం ఒకే ఆట ఆడామన్నది నిజం.

ఆ వెనక వరసలో నలుగురం ఇప్పటికీ శనివారాలు ఆడుతున్నాం. నేను డాలస్ దగ్గర ఫ్రిస్కోలో, ఒకడు మెల్‌బోర్న్‌లో, మిగతా ఇద్దరు హైదరాబాద్‌లోనే. ఆట కూడా పాతదే, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండో భాగం. 1999లో వచ్చినప్పుడు అందులో ఎంచుకుని ఆడటానికి 13 జాతులు. మరుసటి ఏడాది ‘ది కాంకరర్స్’ అనే అదనపు సీడీ మరో ఐదింటిని తెచ్చింది. తర్వాత పదమూడేళ్లు మైక్రోసాఫ్ట్ కంపెనీ నుంచి కొత్తగా ఏ జాతీ రాలేదు. 2013లో ‘ది ఫర్గాటెన్’తో మళ్లీ మొదలైంది. 2015లో ఒక ప్యాకు, 2016లో ఇంకోటి. 2019 నాటి డెఫినిటివ్ ఎడిషన్ పాతవన్నీ తనలో కలిపేసుకుని, కొత్తవాటికి తలుపులు బార్లా తీసింది. ఇప్పుడు జాతులు నలభై దాటాయి.

2022 ఏప్రిల్‌లో ‘డైనాస్టీస్ ఆఫ్ ఇండియా’ వచ్చినప్పుడు మాత్రం 9.99 డాలర్లు నిమిషం ఆలోచించకుండా కట్టేశాను. అప్పటిదాకా ‘ఇండియన్స్’ అని ఒకే మూట కట్టిన మనల్ని హిందుస్థానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రవిడులుగా విడదీశారు. ద్రవిడుల కథకి నాయకుడు రాజేంద్ర చోళుడు. నన్నయతో భారతం రాయించిన రాజరాజ నరేంద్రుడికి ఈయన స్వయానా మేనమామ, పైగా పిల్లనిచ్చిన మామ. అలాంటి చుట్టాన్ని మైక్రోసాఫ్ట్ దుకాణంలో కొనుక్కోవాల్సి వస్తుందని ఎవరనుకుంటారు? హైదరాబాద్ మిత్రుడొకడు ‘కాకతీయులు లేకుండా ద్రవిడులేంట్రా, నేను కొనను’ అని భీష్మించుకున్నాడు. ఇంతవరకూ కొనలేదు.

అదనపు సరుకంతా దోపిడీ అని నేను అనలేకపోవడానికి ఈ ఆటే కారణం. పాతికేళ్లు దాటిన గేమ్‌కి ఇప్పటికీ మరమ్మతులు జరుగుతున్నాయంటే, కొత్త జాతులు వస్తున్నాయంటే, ఆ ఖర్చు ఈ ప్యాకుల డబ్బు నుంచే వస్తోంది. పద్ధతి కూడా మర్యాదగానే ఉంది. ప్యాకు కొననివాడు ఆ జాతిని ఎంచుకోలేడు కానీ, కొన్నవాడితో అదే మ్యాపులో ఆడొచ్చు. అయినా మా శనివారాలు మారిపోయాయి. గేమ్ తెరవగానే ఎదురయ్యేది కొత్త ప్యాకు ప్రకటన. ‘నీ దగ్గర అదుందా? లేదా? మరి కొనవేంట్రా?’ అన్న దగ్గరే మొదటి పావుగంట కరిగిపోతుంది. ఓడినవాడు వెనకటిలా తన ఆటని తిట్టుకోడు, ‘అది డబ్బులిచ్చి కొన్న జాతి కదా’ అని సన్నాయి నొక్కులు నొక్కుతాడు.

ఇలాంటి ప్యాకుల కుప్ప మరీ పెరిగితే గుమ్మం దగ్గరే జనం ఆగిపోతారు. ‘సిమ్స్ 4’ అసలు గేమ్‌ని 2022 అక్టోబరు నుంచి ఉచితం చేశారు. ప్యాకులన్నీ కావాలంటే మాత్రం వెయ్యి డాలర్లు దాటుతుంది. ‘యూరోపా యూనివర్సాలిస్ 4’ది ఇంకో తమాషా. 2013 నుంచి పోగుపడ్డ ప్యాకుల్ని చూసి కొత్తవాళ్లు జడుసుకుంటుంటే, 2021లో ఆ కుప్ప మొత్తాన్ని కంపెనీయే నెలకి అయిదు డాలర్ల అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టింది.

నన్ను ఆలోచనలో పడేసింది వేరే ముచ్చట. ఒకప్పుడు బ్యాటిల్‌ఫీల్డ్ లాంటి తుపాకీ గేముల్లో అదనపు మ్యాపులు అమ్మేవారు. కొన్నవాళ్లు కొత్త మ్యాపులోకి వెళ్లిపోయేవారు, కొననివాళ్లు పాతదాంట్లో మిగిలిపోయేవారు. స్నేహితులు చెరో గదిలో పడేవారు. ఇది తప్పని అందరూ మొత్తుకుంటే, 2017 నాటి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కంపెనీ మ్యాపులు అందరికీ ఉచితమంది. ఆ లోటు పూడ్చుకోవడానికి అదృష్టం డబ్బాలు పెట్టింది. లోపల ఏముందో తెలియకుండా కొనే డబ్బాలు. గోల ఎంత పెద్దదైందంటే, కంపెనీ రెడిట్‌లో ఇచ్చుకున్న సంజాయిషీకి పడ్డ వ్యతిరేక ఓట్లు గిన్నిస్ రికార్డుకెక్కాయి. గేమ్ విడుదలయ్యే వేళకి ఆటలోపలి అమ్మకాలు ఆపేశారు. 2018లో బెల్జియం ఇలాంటి డబ్బాలను జూదం కిందే లెక్కకట్టింది. గదులు విడదీస్తే జనం పలచబడతారు. అందరినీ ఒకే గదిలో ఉంచి డబ్బు రాబట్టాలంటే, ఒకరినొకరు చూసుకుని కుళ్లుకునేలా చెయ్యాలి. ఇవాళ ఫోన్‌లో ఉచితంగా దొరికే గేముల బతుకంతా ఈ రెండో దారిలోనే నడుస్తోంది.

ఇది నాకు పోయిన డిసెంబరులో పంజాగుట్ట మెట్రో పక్కన మాల్‌లో కళ్లకు కట్టినట్టు కనపడింది. మా అక్క కొడుకు ఎస్సార్ నగర్ హాస్టల్లో ఉంటూ ఏదో ఏఐ కోర్సు చేస్తున్నాడు. బోర్డుల మీద జావా పోయి ఏఐ వచ్చింది కానీ ఫ్రీ డెమో అలాగే ఉంది. ఫుడ్ కోర్టులో కూర్చోగానే వాడు ఫోన్ తీసి బీజీఎంఐ అనే తుపాకీ గేమ్‌లో తన తుపాకీ చూపించాడు. ఎమ్ 416, మంచుగడ్డలు కట్టినట్టు నీలంగా మెరుస్తోంది.

‘దెబ్బ గట్టిగా తగులుద్దా?’ అన్నాను.

‘లేదు మావయ్యా, మామూలు దానిలాగే. ఇది గ్లేసియర్.’

‘అంటే?’

‘అంటే... దీంతో చంపితే వాడు చచ్చిన చోట మిగిలే డబ్బా కూడా మంచులాగా మారుద్ది. వాడికి కనపడుద్ది కదా!’

కనపడాలి, అదీ సంగతి. గ్లేసియర్ లేనివాడు స్క్వాడ్‌లోకి వస్తే ‘బాట్’ అని, అంటే కంప్యూటర్ ఆడించే డమ్మీ అని వెక్కిరిస్తారట, వాడెంత బాగా ఆడినా సరే. తుపాకీ అదృష్టం డబ్బాలో దొరకాలి, దొరికాక లెవెల్ పెంచాలి. దేనికైనా కావలసింది యూసీ అనే ఆట డబ్బు. దాన్ని కట్టలుగా అమ్ముతారు. కావలసిన వస్తువు ధర ఏ కట్టకీ సరిగ్గా అతకదు, ఎప్పుడూ కొంత మిగిలిపోతుంది. మిగిలింది దేనికీ చాలదు, పారేయడానికి మనసొప్పదు. ఇంకో కట్ట కొంటే సరిపోతుందనిపిస్తుంది. వాడికి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు, నవ్వుతూ చెప్పాడు కూడా. తెలిసీ కొంటున్నాడు.

2022లో అంబర్‌పేటలో పదహారేళ్ల కుర్రాడు ఫ్రీ ఫైర్ గేమ్ కోసం తల్లి ఖాతాల నుంచి 36 లక్షలు ఊడ్చేసిన వార్త చాలామందికి గుర్తుండే ఉంటుంది. అలాంటివి జరిగినప్పుడల్లా ‘నిషేధించండి’ అంటాం. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని ఆపింది. కేంద్రం 2025 ఆగస్టులో తెచ్చిన చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలన్నింటినీ కట్టేసింది. గ్లేసియర్ కొన్నవాడు తిరిగి డబ్బేమీ గెలవడు కాబట్టి అది ఆ చట్టం కిందకి రాదు. ఎంత పెట్టినా పోవడమే తప్ప రావడం లేని ఆట మాత్రం చట్టబద్ధం! అమెరికాలో అయితే ఫోర్ట్‌నైట్ కంపెనీ, పిల్లలు సహా ఆటగాళ్ల చేత అక్కర్లేని కొనుగోళ్లు చేయించిందని, 24.5 కోట్ల డాలర్లు వాపసు ఇవ్వడానికి 2022 డిసెంబరులో ఒప్పుకోవాల్సి వచ్చింది. మా ఫ్రిస్కోలో తెలుగు పిల్లల పుట్టినరోజులకు ఆ గేమ్ గిఫ్ట్ కార్డులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు. బొమ్మలు ఎవరూ తీసుకోవడం లేదు మరి.

ఒంగోలులో అక్క ఇంటికి వెళ్లాక అక్క నన్ను పక్కకి పిలిచింది. ‘వాడు రోజుకి ఎన్ని గంటలు ఆడుతున్నాడో నువ్వైనా కనుక్కోరా’ అంది. గంటలు అడిగితే అబద్ధం చెప్తాడక్కా, కొన్నవాటి జాబితా చూడు అన్నాను. వాడి ఫోన్‌లో ఉన్నది అక్క జీమెయిలే. ప్లే స్టోర్‌లో పేమెంట్స్ చరిత్ర తెరిచి చూపించాను. అక్క కళ్లద్దాలు సర్దుకుని, నేను వేలితో జరుపుతుంటే చదివింది. యూసీ, యూసీ, మళ్లీ యూసీ. మధ్యమధ్యలో క్యాండీ క్రష్ బంగారు కడ్డీలు.

‘ఇవేంటక్కా?’

‘అవి నావిలే. కిందకి జరుపు.’