జక్కయ్య లెక్క



క్రిస్మస్ వచ్చిందంటే మన ఇళ్లకు సున్నము, పిల్లలకు కొత్త బట్టలు, వాకిట వెదురుబద్దల నక్షత్రము. ఇవన్నీ మంచివే. అయితే నా మనస్సు సంగతి నాకు చూపించిన క్రిస్మస్ ఒకటి ఉంది. అది నా తప్పును గురించినది గనుక చెప్పడానికి చాలాకాలము సిగ్గుపడ్డాను.

మాది ముదినేపల్లి. 2022 నుండి ఏలూరు జిల్లాలో ఉన్నా, ఈ సంగతి జరిగేనాటికి మేము కృష్ణా జిల్లావారమే. నేను బడిలో పని చేస్తూ, మా నాన్నగారిచ్చిన మూడెకరాల వరిచేనును చేపల చెరువుగా త్రవ్వించాను. శీలావతి, బొచ్చె పిల్లలను వేశాము. మా సంఘస్థుడే ఒకతను కాపలా ఉండేవాడు. భార్యాభర్తలకు గట్టుమీది పాకే ఇల్లు.

2003 నవంబరులో కొన్ని రోజులు విడవకుండా మబ్బు పట్టింది. చెరువులున్నవారికి తెలుసు, ఎండ లేకపోతే నీటిలోని నాచు పగలు ప్రాణవాయువును చాలినంత ఇవ్వదు. రాత్రి అదీ చేపలూ కలిసి ఉన్నదంతా వాడుకుంటాయి. తెల్లవారుజాముకు చేపకు ఊపిరి అందదు. అలాంటి ఒక తెల్లవారుజామున కబురు వచ్చి పరుగెత్తాను. చెరువంతా చేపలు వెల్లకిలా తేలి ఉన్నాయి.

"ఇంజను వెయ్యకుండా నిద్రపోయావు!" అని పదిమందిలో కేకలు వేశాను.

"లేదండి మాస్టారూ. రెండు గంటలకే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఇంజను వేసి నీళ్లు పెట్టానండి. మధ్యలో ఆయిలు అయిపోయిందండి" అన్నాడతను.

ఆయిలు తెచ్చి ఉంచవలసినవాణ్ణి నేను. రేపు తెద్దాములే అనుకున్నాను. ఆ సంగతి అప్పుడే గుర్తుకు వచ్చింది. వచ్చినా ఒప్పుకోలేదు. రెండు నెలల జీతము పట్టుకుని, వాళ్లను పంపించివేశాను. నిద్రపోతు అని పేరు పడ్డవాణ్ణి మరి ఏ చెరువు ఆసామీ పిలవలేదు.

ఆ డిసెంబరులో సండేస్కూలు పిల్లలచేత నాటిక వేయించే పని నాకు అప్పగించారు. చార్లెస్ డికెన్స్ వ్రాసిన 'ఎ క్రిస్మస్ కేరల్' కథను తీసుకున్నాను. అది 1843 డిసెంబరులో లండన్‌లో అచ్చయింది. మన బందరులో రాబర్ట్ నోబుల్ దొరగారు పాఠశాల తెరచినదీ ఆ యేడే. అందులో స్క్రూజ్ అనే పిసినారి తన గుమాస్తాకు వారానికి పదిహేను షిల్లింగులిచ్చి, చలిమంటకు బొగ్గు కూడా సరిగా వేసుకోనివ్వడు. ఒక రాత్రి ఆత్మలు వచ్చి అతని బ్రతుకును అతనికే చూపిస్తాయి. తెల్లవారగానే గుమాస్తా ఇంటికి పెద్ద టర్కీ కోడిని పంపి, మరునాడు జీతము పెంచుతాడు.

ఒక పిల్లవాడు అడిగాడు. "మాస్టారండీ, ఆయన ఏడ్చాడు గదా, చాలదా? జీతం కూడా పెంచాలా?"

"పెంచకపోతే ఆయన మారినట్టు గుమాస్తాకు ఎలా తెలుస్తుందిరా?" అన్నాను. అన్నాక నా నోట మరి మాట రాలేదు.

రెండు రోజుల తరువాత కేరల్స్ పాడుకుంటూ రాత్రివేళ వాళ్లింటికి వెళ్లాము. బంధువుల పంచలో ఉంటున్నారు. అక్కడా ఒక చిన్న కాగితపు నక్షత్రము వ్రేలాడుతోంది. ఆయన భార్య పది రూపాయల నోటు తెచ్చి కానుక డబ్బాలో వేసింది. డబ్బా పట్టుకున్నది నేను.

ఇంటికి వచ్చి లూకా సువార్త 19వ అధ్యాయము తీశాను. జక్కయ్య ప్రభువు ఎదుట రెండు మాటలిచ్చాడు. ఆస్తిలో సగము బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయముగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. మొదటిది దానము, రెండవది బాకీ. 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఆ రెండవచోట, తప్పుడు నింద వేసి తీసుకున్నది అనే అర్థముంది. అది చదివి నిద్ర పట్టలేదు.

"కేకుతోపాటు ఆ డబ్బు కవరులో పెట్టి ఇచ్చి వస్తాను" అన్నాను మా ఇంట్లో ఆమెతో.

"దానమిచ్చినట్టు ఇవ్వకండి. అది వాళ్ల డబ్బు" అన్నది ఆమె.

పండుగనాడు ఉదయమే వెళ్లి క్షమించమని అడిగి జీతము చేతిలో పెట్టాను. ఆయన లెక్క పెట్టుకుని, "డబ్బు సరిపోయిందండి మాస్టారూ. నేను నిద్రపోలేదని మాత్రం ఎవరు చెబుతారండి?" అన్నాడు.

పదిమందిలో వేసిన నిందను చాటుగా తీర్చుకుందామని వెళ్లినవాణ్ణి నేను. ఆ ఉదయము ఆరాధనలో, సాక్ష్యముల సమయమున లేచి నిలబడ్డాను. ఆయిలు తేనిది నేనని, ఆయన మేలుకునే ఉన్నాడని చెప్పాను. కాళ్లు వణికాయి. నాటికలో స్క్రూజ్ వేషము వేసిన పిల్లవాడు నన్నే చూస్తున్నాడు.

ఆయన మరల నా చెరువుకు రాలేదు. సంక్రాంతి వెళ్లాక కైకలూరు వైపు ఒక చెరువుకు కాపలా కుదిరాడు. నన్ను మనస్ఫూర్తిగా పలకరించడానికి ఏడాది పట్టింది. అది న్యాయమే. మారుమనస్సు నాది, గాయము ఆయనది గదా!

ప్రియులారా, ఈ క్రిస్మస్‌కు నక్షత్రము కట్టకముందు ఒక్కసారి ఆలోచించండి. కూలివాని దగ్గర ఆపిన కూలి, అన్నదమ్ముల మధ్య జరిగిన గట్టు, కోడలిమీద నలుగురిలో వేసిన మాట, ఏదైనా మన లెక్కలో మిగిలి ఉన్నదేమో! జక్కయ్య ఇంట బస చేసిన ప్రభువు మన ఇంటికీ వచ్చును. ఆ లెక్క తీర్చుకొనే ధైర్యమును ఆయన మనకందరికీ అనుగ్రహించును గాక. ఆమెన్.