పెదనాన్నకు తగిన తుపాకి

మా యింట్లోకి తుపాకి వొచ్చింది 2018లో. పన్నెండు బోరు, రెండు గొట్టాలది. లైసెన్సు వుంది. ఈ మాట ముందే చెప్పెయ్యటం మంచిది. మాదిగిల్లూ తుపాకీ ఒకే వాక్యంలో కనపడితే చదివేవాళ్ళకి ఒక సినిమాయో, ఒక ఎన్‌కౌంటరో, ఒక పోలీసు కేసో గుర్తొస్తుంది. మాది అట్టాంటిదేమీ కాదు. కూటి కోసం కొన్న తుపాకి.

మా పెదనాన్న 1980లో మిలిటరీలో చేరి, బెంగుళూరు మద్రాస్ సాపర్స్‌లో ఇరవై రెండేళ్ళు చేసి 2002లో హవల్దారుగా దిగాడు. బ్యాంకుల డబ్బు ఏటీఎంలకు మోసే బండ్ల మీద కాపలాకి మాజీ సైనికుల్ని తీసుకుంటారు. వుత్త చేతుల్తో నిలబడే గార్డుకి ఒక జీతం, సొంత తుపాకీ సొంత లైసెన్సూ వున్న గన్‌మేన్‌కి ఇంకో జీతం. ఆ తేడా డబ్బు మా అక్క ఫీజుకి కావాలి. అప్పటికి పెదనాన్నకి యాభై ఏడేళ్ళు. ఎడం కంటికి శుక్లం ఆపరేషనైంది. కుడి భుజం చలికాలంలో పైకి లేవదు. ఆ భుజానికీ ఆ కంటికీ తగిన తుపాకి ఏదో తేల్చి, ఫారం నింపే పని నా మీద పడింది. ఇంట్లో ఇంగ్లీషు ఫారాలు నింపేది నేనే గదా.

మా వూళ్ళో తుపాకులు లేక కాదు. వూరి మధ్య పెద్దింట్లో గోడకి ఒకటి వేలాడుతుండేది. దసరాకి దానికి పసుపూ కుంకుమా పెట్టేవాళ్ళు. ఆ తుపాకి తోలుపట్టీ కుట్టింది మా తాత. ఆరె, రంపె పట్టుకుని పెద్దింటి అరుగు కింద, నేల మీద కూచుని కుట్టాడంట. తుపాకి ఇవ్వలేదు, కొలతకి ఒక తాడుముక్క ఇచ్చారంట. చెరువు జమ్ములో పిట్టల వేటకి పోయేటప్పుడు మా పల్లె మొగోళ్ళు ముందు నడిచి జమ్ము కొట్టేవాళ్ళు. పడిన పిట్టల్ని నీళ్ళలోకి దిగి తెచ్చేవాళ్ళు. తిరిగొచ్చేటప్పుడు తుపాకి సంచీ మా వాళ్ళ భుజం మీదే. మొయ్యటానికి మైల లేదు, పేల్చటానికే వుంది.

వూళ్ళో ముట్టుకోనివ్వని వస్తువుని సర్కారు తన అవసరానికి మన చేతుల్లో పెట్టటం ఈనాటిది కాదు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో మహర్లు పనిచేశారు. అంబేద్కర్ తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు. ఆ తర్వాత తెల్లవాళ్ళే 'యుద్ధజాతులు' అని ఒక లెక్క కట్టి 1890ల్లో మహర్లని తీసుకోవటం మానేశారు. అవసరం పడినప్పుడు 1941లో మళ్ళీ మహర్ రెజిమెంటు పెట్టారు. మధ్యలో 1878 ఆయుధాల చట్టం వొచ్చి, లైసెన్సు లేకుండా తుపాకి వుంచుకోకూడదంది. లైసెన్సు ఎవరికొస్తుంది? సర్కారుకి నమ్మకస్తుడికి. వూళ్ళో సర్కారుకి నమ్మకస్తుడు ఎవరో మనకి తెలవందా!

ఫారంలో ఏ రకం ఆయుధం కావాలో ముందే రాయాలి. లైసెన్సొచ్చాక చూద్దాంలే అంటే కుదరదు. పెదనాన్న ఒక్క క్షణం ఆలోచించకుండా "రైఫిలు రాయరా అయ్యోరూ" అన్నాడు. నేను పంతులుద్యోగంలో చేరిన్నాటి నుంచీ ఆయన నన్నట్టాగే పిలుస్తాడు, సగం ఎగతాళికి, సగం ముచ్చటకి.

ఆయన చెయ్యి రైఫిలుకి అలవాటు పడిన చెయ్యి. మిలిటరీలో ఎస్సెల్లార్ మోశాడు, నాలుగు కిలోల పైన బరువు. దాని నంబరు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు, మా పెద్దమ్మ పుట్టినరోజు మాత్రం చెప్పలేడు. మామూలు జనానికి ఆ తూటా నిషేధం. పాత త్రీనాట్‌త్రీ కూడా నిషేధమే. దొరికేది పాయింట్ 315 రైఫిలు. బెంగాల్లో ఇషాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీలో చేస్తారు. బోల్టు అదీ చూస్తే త్రీనాట్‌త్రీకి తమ్ముడే, తూటా మాత్రం వేరు. సైన్యం తూటా జనం తుపాకిలో పట్టకూడదని తెల్లోళ్ళ కాలంలో పెట్టిన ఏర్పాటు అది. తెల్లోళ్ళు పోయినా ఆ ఏర్పాటు అట్టాగే వుంది.

నేను దాన్ని వొద్దన్నాను. రైఫిలు గొట్టంలో మరలుంటాయి. తూటా తిరుగుతూ పోయి కిలోమీటరు దాటి కూడా మనిషిని చంపుద్ది. ఏటీఎం వుండేది బజారులో. పక్కన టీకొట్టు, ఎదురుగా బస్టాపు. దొంగ తప్పించుకుంటే పోయేది డబ్బు, గురి తప్పితే పోయేది ఎవరో కూరగాయలమ్మే మనిషి ప్రాణం. అప్పుడు బోనెక్కేది ఎవరు? పన్నెండు బోరు గొట్టం నున్నగా వుంటుంది. సీసపు గుండ్లు చెదిరి పోతాయి, నలభై గజాలు దాటితే వాటి బలం తగ్గిపోద్ది. దూరంగా సన్నటి గురి చూడాల్సిన పని లేదు కాబట్టి కంటికీ సుఖం. డబ్బు బండి కంపెనీవాళ్ళు కూడా పన్నెండు బోరే అడుగుతున్నారు. చట్టం కూడా దానికే దారి సులువు చేసింది. ఆయుధాల చట్టం 13వ సెక్షను ఆత్మరక్షణకి నున్నగొట్టపు తుపాకి అడిగితే ఒక తీరుగా చూస్తుంది, రైఫిలు అడిగితే 'తగిన కారణం' చూపించమంటుంది. మాదిగోడు చూపించే కారణం ఎవరికి తగినట్టు కనపడుద్ది?

మా తమ్ముడు ఒప్పుకోలేదు. వాడు యూనివర్సిటీలో చదువుతున్నాడు, మీటింగుల్లో మాట్లాడతాడు. "జీతం కోసమే అడుగుతారేంట్రా అన్నా! 1985 జులై 17న కారంచేడులో బరిసెలూ గొడ్డళ్ళూ వొచ్చినప్పుడు మనోళ్ళ చేతుల్లో ఏముంది? సువార్త చేతిలో బిందె వుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో పొలాల్లో తరిమి ఎనిమిదిమందిని చంపినప్పుడు ఏముంది? 2007లో శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందర్నీ వొదిలేసింది. రైఫిలే రాయి. వూరికి దూరం నుంచే కనపడాల" అన్నాడు. వాడు ఒక కాగితం కూడా తెచ్చాడు. అట్రాసిటీ చట్టం కింద 1995లో వొచ్చిన నిబంధనల్లో మూడోది. అత్యాచారాలు జరిగే చోట ఇతరుల లైసెన్సులు రద్దు చేసి తుపాకులు సర్కారు ఆయుధాగారంలో పెట్టించాలనీ, అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకి లైసెన్సులివ్వాలనీ అందులో వుంది. నిజంగానే వుంది. మనలో చాలామందికి ఆ సంగతి తెలవదు. అయితే 'అవసరమనుకుంటే' అనే మాట దగ్గర నాకు కాలు ఆగిపోయింది. అనుకునేది మనం కాదు.

పెదనాన్న అంతా విని బీడీ ఆర్పి అన్నాడు: "ఒరే, పల్లె మీదికి మూడొందలమంది వొస్తే నా రైఫిల్లో పట్టేది అయిదు తూటాలు. ఆరోదానికి నన్ను చంపుతారు, దాని తర్వాత పల్లెని చంపుతారు, మర్నాడు పేపర్లో మాదిగలే ముందు కాల్చారని రాస్తారు. తుపాకితో పల్లెని కాయాలంటే పల్టన్ కావాల. నాకు పల్టన్ తెలుసు, నీకు తెలవదు."

తమ్ముడు మాట్లాడలేదు గానీ ఒప్పుకోనూ లేదు. వాడి కోపం నాకర్థమవుద్ది. ఆ కోపాన్ని ముసలాయన భుజం మీద పెట్టటమే నాకు నచ్చలేదు. ఫారంలో 'పన్నెండు బోరు, రెండు గొట్టాలు' అని రాశాను.

ఎంక్వయిరీకి స్టేషనుకి పిలిచారు. ఎస్సై పెదనాన్నని నిలబెట్టే మాట్లాడాడు. నా వంక చూసి మాత్రం "కూచోండి మాస్టారూ" అన్నాడు. నేనూ కూచోలేదు. "ఎన్నెకరాలుందయ్యా నీకు?" అన్నాడు. "ముప్పావెకరం సార్, పట్టా నా పేరున లేదు." "మరి తుపాకితో ఏం కాపలా కాస్తావ్?" నవ్వాడు, పక్కనున్న రైటరు కూడా నవ్వాడు. ఆయుధాల చట్టం 14వ సెక్షను రెండో భాగంలో, ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదని స్పష్టంగా వుంది. ఆ పేజీ జెరాక్సు నా జేబులో వుంది. టేబులు మీద పెట్టాను. మూడో భాగం కూడా గీత గీసి పెట్టాను, నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా పెట్టాలనేది. ఆయన చదివి, "మాస్టర్లు ఈ మధ్య లా కూడా చదువుతున్నారే" అన్నాడు. రిపోర్టు పోవటానికి అయిదు నెలలు పట్టింది. డాక్టరు సర్టిఫికెట్లు, సర్వీసు పుస్తకం, కంపెనీ లెటరు అన్నీ జతపరిచాం. కలెక్టరాఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో రాస్తే ఈ వ్యాసం చాలదు. చివరికి వొచ్చింది.

హైదరాబాదు దుకాణంలో షాపతను ఇస్త్రీ చొక్కా చూసి తుపాకి నా చేతికిచ్చాడు. నేను పెదనాన్నకిచ్చాను. ఆయన దాన్ని అందుకున్న తీరు చూశాక షాపతను ఇంక నాతో మాట్లాడలేదు. మొదట మడత విప్పి గొట్టాలు ఖాళీయో కాదో చూశాడు. వెలుతురుకెత్తి లోపల గుంటలు పడ్డాయేమో చూశాడు. మడత మూసి చెవి దగ్గర పెట్టుకుని వూపాడు, కీలు వొదులైతే చప్పుడొస్తుందంట. కళ్ళు మూసుకుని భుజానికి ఆనించి, తర్వాత తెరిచాడు. కళ్ళు తెరిచేసరికి కన్ను గొట్టాల వెంట తిన్నగా వుంటే తుపాకి మనదంట, లేకపోతే పరాయిదంట. మొదటి దాని మడమ పొడుగు, చేతికి అందలేదు. రెండోది మరీ తేలిక. "తేలిక తుపాకి ఎక్కువ తంతుంది, ఈ భుజానికి పనికిరాదు" అన్నాడు. మా తాత కూడా ఆరెని ఇట్టాగే అరచేతిలో ఆడించి ఎంచుకునేవాడని మా నాన్న చెబుతాడు.

మూడోది సెకండ్‌హ్యాండు. మూడు కిలోల పైచిలుకు, మడమకి రబ్బరు మెత్త వుంది. కొత్తదాంట్లో సగం ధర. కళ్ళు తెరిచి, "ఇదేరా" అన్నాడు. ఎవరిదని అడిగితే కృష్ణా జిల్లా పెద్ద రైతు కుటుంబానిదనీ, కొడుకులు అమెరికాలో వున్నారు, ముసలాయన పోయాక అమ్మేశారనీ చెప్పాడు షాపతను. రూముకొచ్చి నూనె గుడ్డతో తుడుస్తుంటే మడత సందులోంచి ఎండిపోయిన కుంకుమ రాలింది. పెదనాన్న పళ్ళు తోముకునే పాత బ్రష్షుతో గీకి గీకి తీశాడు. "దసరా పూజలన్నీ ఇందులోనే వున్నాయిరా, తుప్పు పట్టటానికి ఇదే కారణం" అన్నాడు.

దాన్ని వూళ్ళో వుంచలేదు. డ్యూటీ వున్న టౌనులో గదికి ఇనప్పెట్టె పెట్టించి బోల్టులు బిగించాం. తూటాలు వేరే తాళంలో. మా అమ్మ భయం తుపాకి పేలుద్దని కాదు. రేపు వూళ్ళో ఎక్కడ చప్పుడైనా మన పెట్టెనే తెరిపిస్తారని. ఆ భయాన్ని తీసేసే సెక్షను ఏదీ నాకు దొరకలేదు. తమ్ముడు మాత్రం సెలవులకి వొచ్చినప్పుడు ఒకసారి పెట్టె తెరిపించుకుని చూశాడు. ముట్టుకోలేదు, తోలుపట్టీ ఒక్కటే వేళ్ళతో తడిమి చూశాడు.

2019 ఎన్నికలకి లైసెన్సున్నవాళ్ళంతా తుపాకులు స్టేషన్లో అప్పగించాలన్నారు. పెదనాన్న తీసుకుపోతే నేను తోడుపోయాను. మా వూరి పెద్దింటాయన అప్పటికే వొచ్చి కుర్చీలో కూచున్నాడు. సంచీలో వున్నదాన్ని చూసి, "పన్నెండు బోరేనా? మాదీ అదే" అన్నాడు. పెదనాన్న "ఆఁ" అన్నాడు. కానిస్టేబులు రిజిస్టర్లో ఇద్దరి పేర్లూ కింద కింద రాసి, రెండింటికీ చీటీలు కట్టి ఒకే మూలన ఆనించాడు. రసీదు తీసుకుని గుమ్మం దాకా వొచ్చి పెదనాన్న వెనక్కి తిరిగాడు.

"గోడకి ఆనించమాకయ్యా, చెమ్మ వుంది. అడుగున ఒక చెక్క వెయ్యి. రెండిటికీ."