రక్తానికే పరీక్ష, మనిషికి కాదు

మేమంతా ఈ హాస్టల్లో చదువుకున్న పాత విద్యార్థులం. పశువులు మేపి వచ్చిన పిల్లలం కనుక పిడుదులు మాకు కొత్త కాదు. పిడుదులు పట్టిన ఆవుకు జ్వరమొచ్చి మూత్రం ఎర్రగా పోయడం ఊళ్లో చూసినవాళ్లమే. ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి బెబీసియా. 1888లో రుమేనియా శాస్త్రవేత్త విక్టర్ బాబెష్ దాన్ని పశువుల ఎర్ర రక్తకణాల్లో చూశాడు.

ఆ జాతిలోదే ఒకటి అమెరికాలో పిడుదుల ద్వారా మనుషులకూ సోకుతుంది. చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. వాళ్లు మంచి మనసుతో ఇచ్చిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా అది చావదు. ప్లీహం తీసేసినవారికి, ముసలివారికి ఎక్కిస్తే ప్రాణం మీదికి రావచ్చు. దాతను అడిగితే తెలిసేది కాదు గనుక, 14 రాష్ట్రాల్లోనూ వాషింగ్టన్ డి.సి.లోనూ రక్తాన్ని పరీక్షించాలని 2019 మేలో అక్కడి ఎఫ్.డి.ఎ. సూచించింది. ఉందని తేలిన దాతను కనీసం 2 ఏళ్లు ఆపుతారు.

మన దేశంలో హెచ్.ఐ.వి., హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు తప్పనిసరి. మలేరియా తగ్గాక 3 నెలలు ఆగాలి. అలా మాలో ఒకరిని వెనక్కి పంపినప్పుడు మా అందరికీ మనసు చివుక్కుమంది. తాతల కాలం నుంచి దూరంగా నిలబడ్డవాళ్లం, ‘వద్దు’ అనే మాట మాకు ఊరికే వినపడదు. కానీ ఊరు మనల్ని దూరం పెట్టింది కులం అడిగి. పరీక్షకు కులం తెలియదు. మంచం మీదున్న రోగి బతకాలన్నదే దానికి లెక్క.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! 18 ఏళ్లు నిండాక రక్తమివ్వండి. ఫారంలో అడిగినవి దాచకుండా రాయండి. ఆగమంటే ఆగండి, గడువయ్యాక మళ్లీ వెళ్లండి.